నాస్కార్ బోర్ కొడుతోందా? వదిలేసే ముందు ఏ రేసుకి మారాలో చూసుకోండి

మా అమ్మ మొదటిసారి నార్త్ కరొలైనాలోని షార్లెట్ వచ్చినప్పుడు నా పక్కన సోఫాలో కూర్చుని ఓ పావుగంట నాస్కార్ చూసింది, అదే, చూడ్డానికి మామూలు కార్లలా ఉండే స్టాక్ కార్లతో అమెరికాలో జరిగే రేసు. "ఏంట్రా ఇవి, గానుగెద్దుల్లా ఎడమచేతి వైపే తిరుగుతున్నాయి" అంది. నాకు పౌరుషం వచ్చింది. ముందు కారు వెనక దూరితే గాలి ఎలా కలిసొస్తుందో, టైరు అరిగితే కారు ఎలా జారుతుందో గంటసేపు చెప్పాను. ఆవిడ వింటూనే చిక్కుడుకాయలన్నీ ఈనెలు తీసేసి లేచి వెళ్లిపోయింది. పదేళ్ల తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం అదే సోఫాలో నేనే నిద్రపోయాను. లేచేసరికి వంద ల్యాపులు, అంటే ట్రాకు చుట్టూ వంద చుట్లు, అయిపోయాయి. పడుకునేముందు ఎవడు ముందున్నాడో లేచాక కూడా వాడే ముందున్నాడు. అమ్మకి ఫోన్ చేసి ఒప్పుకుందామనుకున్నాను గానీ చెయ్యలేదు.

షార్లెట్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లకి ఈ రేసులు తప్పించుకోలేనివి. సగం టీముల వర్క్‌షాపులు కాంకర్డ్, మూర్స్‌విల్, హంటర్స్‌విల్‌లోనే ఉన్నాయి. పిల్లల సాకర్ ప్రాక్టీసులో పక్కన నిలబడ్డ ఆయన పిట్ స్టాప్‌లో టైర్లు మార్చేవాడై ఉంటాడు. అలా అలవాటై, ఏళ్ల తరబడి చూసి, ఇప్పుడు విసుగెత్తినవాళ్లం చాలామందిమే ఉన్నాం. "పూర్తిగా మానేద్దామా, వేరే ఏదైనా చూద్దామా" అని అడిగేవాళ్లకి నేను చెప్పే మాట ఒకటే: ముందు మీకు విసుగు దేనిమీదో తేల్చుకోండి. దాన్నిబట్టే మందు మారుతుంది.

ఒకరికి ఓవర్‌టేకులు లేవని బాధ. ఇంకొకరికి నాలుగు గంటలు కూర్చోలేక బాధ. మరొకరికి నియమాల మీద మంట: స్టేజీల పేరుతో రేసుని ముక్కలు చేసి మధ్యలో పసుపు జెండా ఊపడం (అంటే అందరూ నెమ్మదించి వరసలో రావాలి), చివర్లో ఓవర్‌టైమ్ పేరుతో అదనపు ల్యాపులు పెట్టి అందర్నీ ఒక్కచోట కుప్పపోయడం, 2025 దాకా అయితే ఏడాదంతా ఆడినవాడి కిరీటం ఒక్క మధ్యాహ్నంలో ఊడబెరకడం. ఈ మూడూ వేరు వేరు జబ్బులు. మూడింటికీ ఒకే రేసు చూడమని ఎవరైనా చెబితే నమ్మకండి.

అసలు ఎందుకిలా చప్పబడింది

2022లో నెక్స్ట్ జెన్ అనే కొత్త తరహా కారు వచ్చింది. చక్రానికి ఐదు నట్లు పోయి ఒకే నట్టు, 15 అంగుళాల ఇనప చక్రం పోయి 18 అంగుళాల అల్యూమినియం చక్రం, వెనకాల ఇండిపెండెంట్ సస్పెన్షన్, పెద్ద బ్రేకులు, ఐదు గేర్ల సీక్వెన్షియల్ బాక్సు, చదునైన అడుగు, తోకలో కారుని నేలకి అదిమిపట్టే డిఫ్యూజర్. కాగితం మీద అన్నీ మంచివే. చిన్న ట్రాకుల దగ్గరకొచ్చేసరికి మాత్రం బెడిసికొట్టింది. బ్రేకులు బలంగా ఉంటే బ్రేకు వేసే దూరం తగ్గిపోతుంది. వెనకవాడు లోపలికి దూరేది ఆ దూరంలోనే కదా! మలుపులో పొరపాటు చేసినా గేరు దించి తేరుకుంటున్నారు. ఇంజిన్ శక్తి చూస్తే ఒకప్పుడు 850 హార్స్‌పవర్ దాటి ఉండేది, 670కి దించారు. శక్తి తక్కువ, పట్టు ఎక్కువ అయితే టైరు జారదు. టైరు జారకపోతే మంచి డ్రైవరుకీ మామూలు డ్రైవరుకీ తేడా బయటపడదు. దీనికి తోడు ముందు కారు చెదరగొట్టిన గాలిలో వెనక కారు ముందు టైర్లు పట్టు తప్పుతాయి. దగ్గరికి వస్తాడు, దాటలేడు.

2022 ఏప్రిల్ మార్టిన్స్‌విల్ రేసు దీనికి సాక్ష్యం. అర మైలు ట్రాకు, 400 ల్యాపుల రేసు. మొదటి 185 ల్యాపులు చేజ్ ఇలియట్ ముందున్నాడు, ఆ తర్వాత విలియం బైరన్ 212 ల్యాపులు ముందుండి గెలిచాడు. అంతే కథ.

అయితే తప్పంతా కారుదే అనలేం. బ్రిస్టల్ ట్రాకు చూడండి. 2024 మార్చిలో అక్కడి కాంక్రీటు మీద టైర్లు చకచకా అరిగిపోయాయి. దాచుకుని నడిపినవాడు బతికాడు, దూకుడు చూపినవాడు పిట్‌కి పరుగెత్తాడు. ఆ రోజు 54 సార్లు ఆధిక్యం చేతులు మారింది, చిన్న ట్రాకుల చరిత్రలోనే అది రికార్డు. అదే ట్రాకు, అవే కార్లు, అదే ఏడాది సెప్టెంబరు. టైర్లు అరగలేదు. కైల్ లార్సన్ 500 ల్యాపుల్లో 462 ల్యాపులు ముందున్నాడు. ఆర్నెల్ల తేడాలో ఒకే వంటింట్లోంచి ఒకసారి గోంగూర పచ్చడి, ఇంకోసారి ఉప్పులేని పప్పు వచ్చినట్టుంది. కాబట్టి నా లెక్కలో రేసు రుచి టైరులో ఉంది. ట్రాకుల్ని పోల్చేటప్పుడు, వేరే రేసులకి మారేటప్పుడు నేను ముందు అడిగేది అదే: ఇక్కడ టైరు అరుగుతుందా, కారు జారుతుందా?

2026 నుంచి ఒకటిన్నర మైలు కన్నా చిన్న ఓవల్ (కోలగా ఉండే) ట్రాకుల్లోనూ, కుడిఎడమల మలుపులుండే రోడ్ కోర్సుల్లోనూ శక్తిని 750 హార్స్‌పవర్‌కి పెంచారు. కొంత మేలే. పెళ్లి భోజనంలో రెండో వడ్డన లాంటిది, ఆకలి పూర్తిగా తీరదు గానీ వద్దనలేం.

మానేయడం కన్నా ఏరుకుని చూడటం నయం

పాయింట్లు దక్కే రేసులు ఏడాదికి 36. అన్నీ చూడాలనుకోవడమే మన మొదటి తప్పు. పది, పన్నెండు ఏరుకుంటే చాలు.

ఇక్కడో తమాషా ఉంది. పాతరోజుల్లో ఒకటిన్నర మైలు ట్రాకులంటే నిద్రమాత్రలు, చిన్న ట్రాకులంటే పండగ. కొత్త కారు వచ్చాక తలకిందులైంది. 2024 మేలో కాన్సాస్‌లో లార్సన్, క్రిస్ బూషర్ ఒకరి డోరు ఒకరు రాసుకుంటూ గీత దాటారు, తేడా 0.001 సెకను. నాస్కార్‌లో అన్నిటికన్నా పై అంచె అయిన కప్ చరిత్రలో అంత దగ్గరి ముగింపు లేదు. 2025లో మా ఊరి 600 మైళ్ల రేసులో విలియం బైరన్ 283 ల్యాపులు ముందున్నాడు, అయినా గెలిచింది రాస్ చాస్టెయిన్, 40వ స్థానంలో, అంటే అందరికన్నా వెనక బయలుదేరినవాడు. ఆరు ల్యాపులు మిగిలుండగా దాటేశాడు. కాబట్టి కాన్సాస్, షార్లెట్ ఓవల్, హోమ్‌స్టెడ్ వదలకండి. డార్లింగ్టన్ కూడా. 1950 నాటి ట్రాకు, పక్కనున్న చేపల చెరువు పూడ్చకుండా కట్టాలని ఒక వైపు సన్నగా కట్టారు, అందుకే కోడిగుడ్డు ఆకారం. అక్కడ తారు టైరుని ఆకురాయిలా తినేస్తుంది. లేబర్ డే ముందురోజు రాత్రి జరిగే సదరన్ 500 ఒక్కటి చూసినా ఆ ఏడాదికి చందా గిట్టుబాటైనట్టే.

డేటోనా, టల్లడేగా సంగతి వేరు. మలుపుల్లో 31, 33 డిగ్రీల వాలు, గుంపుగా పరుగు, చూడ్డానికి భయంకరంగా ఉంటాయి. కానీ ఈమధ్య రేసులో సగం దాకా అందరూ పెట్రోలు ఆదా చేస్తూ సగం యాక్సిలరేటర్ మీదే తిరుగుతున్నారు, పిట్‌లో తక్కువసేపు ఆగొచ్చని. చివరి ఇరవై ల్యాపులకి టీవీ పెట్టుకోండి. తప్పేమీ లేదు, నేనదే చేస్తున్నాను. అందులోనూ గెలిచేది ముందున్నవాడే అని లేదు. ముందున్నవాళ్లు ఒకర్నొకరు గుద్దుకుని చెల్లాచెదురైతే వెనకనుంచి దూరినవాడికి దక్కుతుంది, 2025 డేటోనా 500 బైరన్‌కి దక్కినట్టు.

సమయమే మీ బాధైతే కప్ కాకుండా శుక్ర, శనివారాల రేసులు చూడండి. షార్లెట్‌లో ఆదివారం 600 మైళ్లు, శనివారం రెండో అంచె రేసు 300, శుక్రవారం రాత్రి ట్రక్కులది 200 మైళ్లు. ట్రక్కులవాళ్లలో చాలామంది కుర్రాళ్లు, పైకి రావాలన్న ఆత్రంతో తలలు పగలగొట్టుకుంటారు. రెండు గంటలు దాటీ దాటకముందే అయిపోతుంది. నాలుగు గంటల విందు కన్నా రెండు గంటల టిఫిన్ నచ్చేవాళ్లుంటారు కదా.

నియమాల మీద కోపం ఉన్నవాళ్లకి ఒక మాట. 2025 ఫీనిక్స్‌లో డెన్నీ హామ్లిన్ 208 ల్యాపులు ముందుండి, గెలుపు గుమ్మంలో నిలబడి, చివర్లో పడిన ఒక పసుపు జెండాతో ఛాంపియన్‌షిప్ పోగొట్టుకున్నాడు. ఆ రోజు ఒక్క ల్యాపు కూడా ముందు లేని లార్సన్‌కి అది దక్కింది. లార్సన్ తప్పేమీ లేదు. అయినా ఆ రాత్రి టీవీ కట్టేసి చాలాసేపు ఊరికే కూర్చున్నాను. 2026లో ఆ ఒక్క రేసు పద్ధతి తీసేసి చివరి పది రేసుల పాయింట్లు కలిపే పాత పద్ధతికి మళ్లారు. ఈ కోపంతోనే మానేసినవాళ్లైతే ఒకసారి తిరిగొచ్చి చూడొచ్చు.

మట్టి రేసులు: నా ఓటు ఇక్కడే

ఓవర్‌టేకులు లేవని ఏడ్చేవాళ్లకి నేను ఇంకేమీ చెప్పను, మట్టి ట్రాకుకి తీసుకెళ్తాను.

స్ప్రింట్ కారు అంటే ఒక ఇనప పంజరానికి దాదాపు 900 హార్స్‌పవర్ ఇంజిను కట్టి, నెత్తిమీద ఇంటి తలుపంత రెక్క పెట్టినట్టు ఉంటుంది. డ్రైవరుతో కలిపి బరువు 1,400 పౌండ్ల చిల్లర. అంటే కప్ కారు బరువులో సగం కూడా లేదు, శక్తి దానికన్నా ఎక్కువ. ఎడమకి తిరగాలంటే స్టీరింగు కుడికి తిప్పి, మలుపు మొత్తం పక్కవాటుగా జారుతూ వెళ్తారు. 1978లో మొదలైన వరల్డ్ ఆఫ్ అవుట్‌లాస్ వీటిలో పెద్ద సర్క్యూట్. ఊరూరా తిరుగుతారు, మన సురభి నాటకాలవాళ్లలాగా, సామాన్లు సర్దుకుని రేపు ఇంకో రాష్ట్రం.

ఇక్కడ గొప్పతనం ట్రాకుదే. మట్టి తడిగా ఉన్నప్పుడు ఒక దారి, ఎండేకొద్దీ ఇంకో దారి. సాయంత్రం లోపలి అంచు వేగంగా ఉంటే రాత్రి పదింటికి గోడ పక్క అంచు వేగంగా ఉంటుంది. మొదట్లో మొగుడుగా ఉన్నవాడు చివరికి వెనకబడతాడు. ఇంజనీర్ల కంప్యూటరు దీన్ని ముందే చెప్పలేదు, డ్రైవరు కళ్లతో చూసి కనిపెట్టాలి. సోమవారం ఆఫీసులో డాష్‌బోర్డులు చూసి చూసి వచ్చిన మనలాంటివాళ్లకి ఇది పెద్ద ఊరట.

రాత్రి పద్ధతి కూడా నాకు నచ్చుతుంది. ముందు టైమింగు, తర్వాత ఎనిమిది, పది ల్యాపుల హీట్లు (చిన్న రేసులు), వాటిలో ఓడినవాళ్లకి ఒక ఆఖరి అవకాశం, చివరికి ముప్పై, నలభై ల్యాపుల ఫీచర్, అంటే అసలు రేసు. ప్రతి ఇరవై నిమిషాలకీ ఏదో ఒకటి తేలుతుంది. పిల్లలు విసుక్కోరు.

షార్లెట్ స్పీడ్‌వే ఎదురుగా రోడ్డు దాటితే మట్టి ట్రాకు ఉంది, నవంబరులో అక్కడ వరల్డ్ ఫైనల్స్ జరుగుతాయి. ప్రయాణానికి సిద్ధపడితే ఆగస్టులో ఐయోవాలో నాక్స్‌విల్ నేషనల్స్, సెప్టెంబరులో ఒహాయోలో ఎల్డోరా ట్రాకు మీద వరల్డ్ 100. మొదటిది స్ప్రింట్ కార్లది, రెండోది పైకప్పుండే లేట్ మోడల్ కార్లది. రెండూ తిరనాళ్లే, టెంట్లు వేసుకుని రోజుల తరబడి ఉంటారు. కప్‌లో గెలిచే లార్సన్ నాక్స్‌విల్‌లో కూడా 2021లో, 2023లో గెలిచాడు. ఎవరు నిజంగా తోలగలరో తెలుసుకోవాలంటే అక్కడ చూడమంటాను.

ఇబ్బందులు దాచను. దుమ్ము. మొదటిసారి మేం ఎంతో ముచ్చటపడి పులిహోర కట్టుకెళ్లి ముందు వరసలో కూర్చున్నాం. రెండో హీటు అయ్యేసరికి పులిహోరలో ఆవపిండితో పాటు కరొలైనా ఎర్రమట్టి కలిసింది. పైవరసలో కూర్చోండి, కళ్లజోడు పెట్టుకోండి, తెల్లబట్టలు వద్దు. రాత్రి ఆలస్యమవుతుంది. వానొస్తే రద్దే. ఇంట్లోంచి చూడాలంటే అవుట్‌లాస్ రేసులు డర్ట్‌విజన్ అనే ఆన్‌లైన్ చందా సర్వీసులో వస్తాయి, లేట్ మోడల్, లోకల్ రేసులు చాలావరకు అలాంటిదే ఇంకొకటైన ఫ్లోరేసింగ్‌లో వస్తాయి. అయితే టీవీలో మట్టి రేసు చూడటం ఫొటోలో బిర్యానీ చూడటమే.

ఊరి ట్రాకు

విన్‌స్టన్-సేలంలో బోమన్ గ్రే స్టేడియం ఉంది. ఫుట్‌బాల్ మైదానం చుట్టూ పావు మైలు చదును తారు, 1949 నుంచి నాస్కార్ రేసులు జరుగుతున్నాయి. వేసవి శనివారాల్లో జనం కిటకిటలాడతారు. దాటడానికి చోటే లేదు కాబట్టి గుద్ది దాటతారు, గుద్దించుకున్నవాడు వచ్చేవారం బాకీ తీర్చుకుంటాడు. రేసింగ్‌గా చూస్తే మొరటు. జనంగా చూస్తే మన ఊళ్లో సంక్రాంతికి బండలాగుడు పోటీల దగ్గర గట్టుమీద కూర్చున్నట్టే: ఇది మనవాడి బండి, అది పక్కూరివాడిది, వాళ్లకీ వీళ్లకీ తాతల నాటి పగ. టికెట్టు సినిమా ధర దగ్గర్లో ఉంటుంది. కప్ డ్రైవర్లంతా ప్రకటనల్లోని బొమ్మల్లా మాట్లాడుతున్నారని విసుగొచ్చినవాళ్లకి ఇదే మందు. హికరీలో 1951 నాటి ట్రాకు కూడా ఇలాంటిదే, కొంచెం మర్యాదస్తులది.

తారు మీద వేరే దార్లు

ఇండీకార్: చక్రాలు బయటికి కనిపించే కార్ల అమెరికా రేసులివి. వీటిలో పెద్దదైన ఇండియానాపొలిస్ 500 రోజు నేను ఇంకే పనీ పెట్టుకోను. మధ్యాహ్నం అది, సాయంత్రం షార్లెట్ 600, ఒకే ఆదివారం. కానీ ఏడాదంతా చూస్తే? ఒకడే గెలుస్తున్నాడని నాస్కార్ మానేసినవాళ్లు జాగ్రత్త. 2025లో 17 రేసుల్లో 8 అలెక్స్ పలో గెలిచాడు, ఛాంపియన్‌షిప్ అప్పటికి వరసగా మూడోసారి.

ఆస్ట్రేలియా సూపర్‌కార్స్: స్టాక్ కార్లంటే ప్రేమ పోలేదు, ఎడమ తిరుగుడంటేనే మొహం మొత్తింది అనేవాళ్లకి సరిగ్గా సరిపోయేది. బరువైన వీ8 కార్లు, కొండమీది రోడ్డు. అక్టోబరులో బాథర్స్ట్ 1000: 6.213 కిలోమీటర్ల ట్రాకు, 161 ల్యాపులు, కింది నుంచి పైకి 174 మీటర్ల ఎత్తు తేడా, కారుకి ఇద్దరు డ్రైవర్లు. ఈ సూపర్‌కార్స్‌లో మూడుసార్లు ఛాంపియన్ అయిన షేన్ వాన్ గిస్‌బర్గెన్ 2023లో షికాగో వీధుల్లో తన మొట్టమొదటి కప్ రేసే గెలిచేశాడు, 1963 తర్వాత ఎవరూ చేయని పని. 2025లో ఐదు రోడ్ రేసులు గెలిచాడు. కప్ డ్రైవర్లు పదేళ్లుగా నేర్చుకుంటున్నది ఆయన చెప్పులేసుకుని వచ్చి చేసినట్టు చేసేశాడు. ఆ మనిషి ఎక్కడ నేర్చాడో చూడాలనే నేను బాథర్స్ట్ మొదలుపెట్టాను. అమెరికాలో శనివారం రాత్రి, ఇండియాలో ఆదివారం తెల్లారగానే కాఫీతో.

ఇమ్సా: అమెరికా స్పోర్ట్స్ కార్ల రేసులు. ఒకే ట్రాకు మీద వేగం వేరు వేరుగా ఉన్న నాలుగు తరగతుల కార్లు. వేగం కార్లు నెమ్మది కార్లని తప్పించుకుంటూ పోవాలి కాబట్టి ఓవర్‌టేకుకి కరువుండదు. స్టేజీల గోల లేదు. పొడవు ఎక్కువే, జనవరిలో డేటోనాది 24 గంటలు. కదలకుండా చూడాల్సినది కాదు, ఇంట్లో పనులు చేసుకుంటూ మధ్యమధ్యలో తొంగిచూడాల్సినది. నాకు ఆవకాయ సీజన్లో రేడియో పెట్టుకున్నట్టు ఉంటుంది.

ఫార్ములా వన్‌కి మారమని ప్రతి తెలుగు వాట్సాప్ గుంపులోనూ ఒకరుంటారు. కారు అందంగా ఉంటుంది, కథలు బాగుంటాయి, ఒప్పుకుంటాను. కానీ ఓవర్‌టేకులు లేవని నాస్కార్ వదిలి అక్కడికి పోతే పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టే. 2024 మొనాకోలో మొదటి పదిమంది ఏ వరసలో బయలుదేరారో అదే వరసలో ముగించారు.

మరి ఏది ఎంచుకోవాలి

మీ ఇంటికి రెండు గంటల దూరంలో మట్టి ట్రాకు ఉంటే, చందాలు కట్టకముందు అక్కడికి ఒక రాత్రి వెళ్లండి. పదేళ్లలోపు పిల్లలుంటే ముందు ఊరి ట్రాకు, తర్వాత మట్టి, కప్ రేసు చివరన. కప్ రేసుకే వెళ్లాలనిపిస్తే చెవికి స్కానరు అద్దెకి తీసుకోండి. డ్రైవరూ, పైనుంచి దారి చూపే స్పాటరూ తిట్టుకోవడం వింటుంటే చప్పటి రేసు కూడా గడిచిపోతుంది. ఇంట్లో ఉంటే నాస్కార్ యాప్‌లో అదే రేడియో వినొచ్చు.

హైదరాబాదులోనో విజయవాడలోనో ఉండి చూసేవాళ్ల సంగతి పూర్తిగా వేరు. షార్లెట్‌లో వేసవి ఆదివారం మధ్యాహ్నం మూడంటే మీకు అర్ధరాత్రి పన్నెండున్నర, సోమవారం పొద్దున ఆఫీసు. మీకు కప్ రేసులు నేను సిఫారసు చెయ్యను, మర్నాడు చివరి యాభై ల్యాపులు చూసుకోండి. నేరుగా చూడాలంటే బాథర్స్ట్ మీ టైముకి కుదురుతుంది. అమెరికా బయటివాళ్లకి ఇమ్సా రేసులు యూట్యూబ్‌లో ఉచితంగా వస్తున్నాయి, డేటోనా 24 గంటల్లో ఎలాగూ కొన్ని గంటలు మీ పగటి వేళలో పడతాయి.

ఏ ట్రాకుకి వెళ్లినా పిల్లల చెవులకి మఫ్‌లు కొనండి, దూది చాలదు. చాలా నాస్కార్ ట్రాకుల్లో చిన్న కూలర్ లోపలికి తీసుకెళ్లనిస్తారు, సైజు ముందే చూసుకోండి. ఓవల్ రేసులు, మట్టి రేసులు వానకి ఆగిపోతాయి, అప్పుడు డబ్బు తిరిగిస్తారా, ఇంకో తేదీకి పనికొస్తుందా అన్నది టికెట్టు కొనేటప్పుడే చదువుకోండి. పులిహోర మాత్రం మూతపెట్టే డబ్బాలోనే.